చిల్లర వ్యాసంగాలు

తెలుగులో 'చిల్లర' అనే మాటకు రెండు ముఖాలున్నవి. పెద్దనోటును మార్చగా వచ్చిన డబ్బు చిల్లర. లెక్కకు రాని మనిషీ, లెక్కకు రాని పనీ కూడా చిల్లరే. మొదటి చిల్లర లేనిదే కూరల అంగడిలో బేరం తెగదు, బస్సులో టిక్కెట్టు చేతికి రాదు. అందుచేత దాన్ని అందరూ కొంగున ముడివేసి దాచుకొంటారు. రెండవ చిల్లరను మాత్రం ఎవరూ గడప తొక్కనీయరు. వాగులో ఏరిన గులకరాళ్లు, పుస్తకం నడుమ దాచిన నెమలి ఈక, తాతగారి పెట్టె అడుగున దొరికిన రాగి నాణెం, సాలీడు గూడు అల్లే తీరును గంటసేపు చూస్తూ నిలబడడం, ఇవన్నీ మన ఇళ్లలో చిల్లరపనుల కింద జమ. "ఆ పనులు కట్టిపెట్టి పుస్తకం తియ్యి" అని పిల్లలను కసరని పెద్దలు అరుదు.

పెద్దల మాటలో న్యాయం లేకపోలేదు. పరీక్ష ముందున్నది. ఆ పరీక్షలో గులకరాళ్లకు మార్కులు లేవు. అయినా ఒక విషయం విచారించవలసి ఉన్నది. ఇంటి సంసారం కేవలం పెద్దనోట్లతో సాగదు కదా! మనిషి తెలివి మాత్రం కేవలం పెద్ద చదువులతో సాగుతుందా? తాను పుట్టి పెరిగిన ఊరి రాయి, వాన, చుక్క, చెట్టు, మాట, వీటితో చనువు ఏ పాఠంలో దొరుకుతుంది? ఆ చనువును సంపాదించి పెట్టేవి చిల్లర వ్యాసంగాలేనని నా నమ్మకం. అవి ఒంటరిగా ఉన్నప్పటికంటె నాలుగైదు కలిసి ఉన్నప్పుడు ఎక్కువ ఫలిస్తాయని కూడా నా నమ్మకం. ఉత్త మాటగా చెప్పి ఊరుకొనక, ఒక ఊరిని ముందు పెట్టుకొని దీన్ని పరిశీలిద్దాం.

పశ్చిమ ప్రకాశంలోని పెద్దదోర్నాలను మనలో చాలామంది చూచే ఉంటారు. నిలిచి చూచినవారు తక్కువ. మార్కాపురం వైపునుంచి, వినుకొండ వైపునుంచి, ఆత్మకూరు అడవిదారినుంచి వచ్చే బాటలు అక్కడ కలుసుకొని శ్రీశైలానికి కొండ ఎక్కుతాయి. అక్కడినుంచి శ్రీశైలం సుమారు యాభై కిలోమీటర్లు. బస్సు కాసేపు ఆగుతుంది. యాత్రికులు దిగి, టీ త్రాగి, ఘాటురోడ్డు మలుపులకు గుండె దిటవు చేసుకొని మళ్లీ ఎక్కుతారు. శివరాత్రికి కాలినడకన వచ్చేవారు అక్కడ ఒక పూట విశ్రమించి సాగిపోతారు. యాత్రికునికి దోర్నాల ఒక మలుపు మాత్రమే. అక్కడి బడిపిల్లవానికి అది పుట్టిన ఊరు. నల్లమల అతని పెరటి గోడ. ఆ గోడ ఈవల నిలబడి ఒక పిల్లవాడు ఎన్ని వ్యాసంగాలు పెట్టుకోవచ్చునో లెక్కించి చూడండి.

మొదట రాయి. దోర్నాలకు దగ్గరి పట్టణమైన మార్కాపురం పేరు వినగానే పాతతరం ఉపాధ్యాయులకు పలక గుర్తుకు వస్తుంది. కొయ్యచట్రంలో బిగించిన ఆ నల్లని పలకమీద ఎన్ని తరాల పిల్లలు ఓనమాలు దిద్దినారో! ఇప్పుడు బడిలో పలక వాడుక తగ్గినది. ఆ రాయి ఇంటి గోడలకు, నేలలకు పరిచే బిళ్లలుగా మారి దూరదేశాలకు కూడా పోతున్నది. ఒక పలక పెచ్చును తీసుకొని అంచును పరిశీలించితే అది పుస్తకంలో పుటలవలె పొరలు పొరలుగా కనిపిస్తుంది. సన్నని ఉలి మోపి తట్టితే పొర పొరగా విడిపోతుంది. ఎందుచేత?

ఈ ప్రశ్నకు సమాధానం మిక్కిలి పాతది. ఒకానొక సముద్రగర్భంలో సన్నని బురద పేరుకొని, పైనుండి పడిన బరువుకు అణగి, భూమి లోపలి వేడికి, ఒత్తిడికి గట్టిపడి పలకరాయి అయినది. ఆ ఒత్తిడికి అందులోని రేణువులన్నీ ఒకే వరసలో సర్దుకొన్నవి. అందుకే అది వరసవెంబడి చీలుతుంది. భూగర్భశాస్త్రజ్ఞులు దీన్ని కడప శిలాసముదాయంలో చేర్చుతారు. వయస్సు నూరు కోట్ల సంవత్సరాలకు పైమాట. ఆ కాలానికి చేప లేదు, నత్త లేదు, నేలమీద గడ్డిపోచ లేదు. అందుచేత ఈ రాతిలో ఎంత వెదకినా గవ్వ ముద్ర దొరకదు. ఇదే పిల్లవాడు కడప, కర్నూలు సీమల నుంచి వచ్చే నాపరాయి ముక్కను పొడిచేసి, నిమ్మరసం పిండితే సన్నని నురుగు లేస్తుంది. నాపరాయి సున్నపురాయి జాతిది కనుక అట్లా పొంగుతుంది. పలకరాయి పొడి మాత్రం నిమ్మరసానికి చలించదు. రెండు రాళ్లు, ఒక నిమ్మకాయ చాలు. ప్రయోగశాల కావలసిన పని లేదు.

రాతి తరువాత వాన. పశ్చిమ ప్రకాశంలో వాన కబురు పెండ్లి కబురుతో సమానం. చినుకు పడిన మరునాడు రైతులు కలుసుకొంటే మొదటి ప్రశ్న "మీ వైపు పదునైనదా?" అనే. ఈ సీమలో నీటి విలువ తెలిసినవారు పూర్వమూ ఉన్నారు. గుండ్లకమ్మకు అడ్డంగా, కొండల సందును మూసి కట్టిన కంభం చెరువు విజయనగర రాజుల కాలం నాటిది. రాచకూతురు వరదరాజమ్మ కట్టించినదని ప్రసిద్ధి. 2020లో ప్రపంచ నీటిపారుదల వారసత్వ కట్టడాల పట్టికలో దానికి స్థానం లభించినది. అటువంటి సీమలో పుట్టిన పిల్లవాడు వానను కొలవడం వ్యాసంగంగా పెట్టుకొంటే ఎంత బాగుంటుంది! నిటారు గోడలున్న ఒక డబ్బా, ఒక కొలబద్ద ఉంటే చాలును. చెట్టు నీడకు, చూరునీటికి దూరంగా బయలులో డబ్బాను నిలపాలి. వాతావరణశాఖ పద్ధతిలోనే ప్రతిదినం ఉదయం ఎనిమిదిన్నరకు నీటి ఎత్తును మిల్లీమీటర్లలో చూచి వ్రాసుకోవాలి. ఒక మిల్లీమీటరు వాన పడినదంటే ఒక చదరపు మీటరు చోటుమీద ఒక లీటరు నీరు పడినదన్న మాట. నూరు చదరపు మీటర్ల బడికప్పుమీద పది మిల్లీమీటర్ల వాన కురిస్తే వెయ్యి లీటర్లు. ఆ నీరు ఎటు పోయినదని పిల్లవాడు ఒకసారి అడిగితే ఆ ప్రశ్న బడిని, ఊరిని కూడా ఆలోచింపజేస్తుంది.

వానలెక్క వ్రాసేవాడు ఎక్కువకాలం వానదగ్గరే ఆగిపోలేడు. తారీఖు ప్రక్కన ఏ కార్తెలో కురిసినదో వ్రాయమని ఇంట్లో పెద్దలు చెప్పుతారు. కార్తె అంటే ఏమిటి? సూర్యుడు ఇరువదియేడు నక్షత్రాల వెంబడి ఏడాదికి ఒకసారి తిరిగివస్తాడు. ఒక్కొక్క నక్షత్రంలో ఉండేది సుమారు పదమూడున్నర దినాలు. ఆ గడువే కార్తె. జూన్ మొదటి వారం దాటగానే మృగశిర కార్తె వస్తుంది. అయితే ఆ రోజుల్లో మృగశిర నక్షత్రాన్ని చూడబోతే కనిపించదు. సూర్యుడు దాని చెంతనే ఉన్నాడు కనుక అది పగటి వెలుగులో మునిగి ఉంటుంది. దాన్ని చూడాలంటే సంక్రాంతి రోజుల వరకు ఆగి, రాత్రి తొలిజామున తల ఎత్తాలి. వానకాలపు కార్తెకు పేరిచ్చిన చుక్క చలికాలపు ఆకాశంలో కనిపించడం పిల్లలకు మొదట వింతగా ఉంటుంది. కారణం తెలిసిన తరువాత భూమి సూర్యుని చుట్టూ తిరుగుతున్నదన్న పాఠం పుస్తకంలోని వాక్యంగా మిగలక, తాను చూచిన సంగతి అవుతుంది.

దోర్నాల వంటి ఊరికి ఆకాశం ఒక ఆస్తి. పట్టణపు దీపాలకాంతికి చిన్న చుక్కలు వెలవెలపోతాయి. అడవి అంచున అవి ఇంకా మిగిలి ఉన్నవి. మన పల్లెజనం పిల్లలకోడి అని పిలిచే కృత్తికలను చూపించి, ఎన్ని చుక్కలు కనిపిస్తున్నవో ఒక్కొక్క పిల్లవానిచేత లెక్క పెట్టించవచ్చు. చాలామంది ఆరు అంటారు. చూపు చురుకైనవారు ఇంకొకటి రెండు కలుపుతారు. దూరదర్శినిలో చూస్తే అక్కడ వందలకొద్దీ చుక్కలున్నవి. కార్తీక పౌర్ణమినాడు నిండుచంద్రుడు ఆ కృత్తికల చెంతనే ఉంటాడు. ఆ మాసానికి ఆ పేరు రావడానికి కారణం అదే. పంచాంగం కూడా ఆకాశం చూచి వ్రాసిన పుస్తకమేనని పిల్లలకు అప్పుడు తెలుస్తుంది.

ఇట్లా ఆకాశం చూడడమే వ్యాసంగంగా పెట్టుకొన్న తెలుగువారు పూర్వం లేకపోలేదు. విశాఖపట్నంలో గోడే జమీందారీ కుటుంబానికి చెందిన గోడే వెంకట జగ్గారావు మద్రాసు నక్షత్రశాలకు వెళ్లి, అక్కడి ప్రభుత్వ ఖగోళజ్ఞుడు టేలరువద్ద శిక్షణ పొంది, తిరిగివచ్చి 1840లో తన నివాసస్థలంలోనే సొంత నక్షత్రశాల నెలకొల్పినాడు. ఎవరూ ఆయనను ఆ పని చేయమని కోరలేదు. జమీందారుకు పొద్దుపుచ్చే మార్గాలు వేరే ఎన్నో ఉంటాయి. 1856లో ఆయన మరణించిన తరువాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ పనిని అందుకొన్నాడు. 1874 డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యబింబంమీదుగా సాగిపోయినప్పుడు, ఆ అరుదైన దృశ్యాన్ని విశాఖనుంచి పరిశీలించి వివరాలు ప్రకటించినాడు. అటువంటి సంగతి చివరిసారిగా 2012లో జరిగినది. ఇక 2117 వరకు జరగదు. మామగారి సరదా అల్లునికి వారసత్వంగా వచ్చి, ప్రపంచ శాస్త్రజ్ఞుల లెక్కలలో చేరినది.

ఇప్పుడు అడవివైపు తిరుగుదాం. దోర్నాల పిల్లవానికి అడవి పేరు చెప్పగానే పెద్దపులి గుర్తుకు వస్తుంది. నాగార్జునసాగర్ - శ్రీశైలం అభయారణ్యం 1983నుంచి పులుల సంరక్షణ కేంద్రంగా ఉన్నది. పులిని చూచే అదృష్టం అందరికీ పట్టదు. అడవి అంచున నిలబడి చెట్లపేర్లు నేర్చుకొనే అదృష్టం మాత్రం ఎవరికైనా పట్టుతుంది. మోదుగ ఏ వారంలో పూచినది, మొర్రిపండు ఎప్పుడు మాగినది, తునికాకు ఎప్పుడు కోతకు వచ్చినది అని వ్రాసుకొంటూ పోతే రెండేళ్లలో ఒక అడవి పంచాంగం తయారవుతుంది. ఈ విద్యకు గురువులు చెంచువారు. ఏ చెట్టు తొర్రలో తేనెపట్టు ఉన్నది, తపసి చెట్టుకు ఎక్కడ గాటు పెడితే జిగురు వస్తుంది, ఏ దుంప ఏ కాలంలో త్రవ్వాలి అన్న సంగతులు వారికి అచ్చుపుస్తకం అవసరం లేకుండా తెలుసు. దోర్నాల పరిసరాల బడులలో చెంచు పిల్లలు మన పిల్లల ప్రక్కనే కూర్చొంటారు. చెట్టు పేరు చెప్పవలసి వచ్చిననాడు తరగతిలో వారిదే మొదటి స్థానం. అటువంటి దినం ఏడాదికి నాలుగుసార్లయినా రావాలి.

చిన్న కుతూహలం పెద్ద సంగతికి ఎట్లా దారితీస్తుందో చెప్పడానికి ఈ సీమలోనే ఒక సాలీడు ఉన్నది. 1899లో రెజినాల్డ్ పోకాక్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు గుత్తిలో దొరికిన ఒకే ఒక్క సాలీడును చూచి, దానికి శాస్త్రీయంగా పేరు పెట్టినాడు. నెమలికంఠం వంటి నీలిరంగు దాని ప్రత్యేకత. ఆ తరువాత నూరేళ్లపాటు దాని జాడ తెలియలేదు. చివరకు 2001లో అది మళ్లీ కనిపించినది. గుత్తిలో కాదు, నంద్యాలకు, గిద్దలూరుకు నడుమనున్న అడవిలో. మొదటి సాలీడు అడవి కలపతోపాటు రైలుబండిలో గుత్తి చేరి ఉంటుందని శాస్త్రజ్ఞుల ఊహ. దాని నీలిరంగు రంగుద్రవ్యంవల్ల వచ్చినది కాదు. ఒంటిమీది నూగులోని అతిసూక్ష్మమైన అమరిక వెలుగులో నీలాన్ని మాత్రం తిప్పిపంపుతుంది. నెమలి ఈకలోని వన్నెకూ కారణం ఇటువంటిదే.

అయితే ఈ కథకు ఒక చేదు తుది ఉన్నది. ఆ అందమే ఆ సాలీటికి శత్రువైనది. విదేశాలలో వింతజీవులను గాజుపెట్టెలలో పెంచుకొనే సరదా గలవారు దీన్ని వెలపెట్టి కొనసాగినారు. అడవి తరుగుదలకు ఆ వ్యాపారం తోడైనది. 2008లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం దీన్ని అత్యంత ప్రమాదస్థితిలో ఉన్న జీవులలో చేర్చినది. సరదా అన్నదెల్లా మంచిదని నేను చెప్పబోవడం లేదని పాఠకులు ఈపాటికి గ్రహించి ఉంటారు. తెలుసుకోవాలన్న కోరిక వేరు, దక్కించుకోవాలన్న కోరిక వేరు. ఒకే ఇంట్లో పుట్టిన అన్నదమ్ములవలె అవి చూడడానికి ఒక్కతీరుగా ఉంటాయి. పక్షిగుడ్లు ఏరడం, సీతాకోకచిలుకకు సూది గుచ్చడం వ్యాసంగాలుగా చెలామణి అయిన కాలం ఒకటి ఉండేది. 1972లో వన్యప్రాణి సంరక్షణచట్టం వచ్చినది. చట్టం మాట అట్లా ఉంచి, పిల్లలకు మొదటినుంచీ ఒక నియమం నేర్పితే మేలు: అడవినుంచి పేర్లు తెచ్చుకో, తారీఖులు తెచ్చుకో, బొమ్మలు గీసి తెచ్చుకో, ప్రాణమున్నదాన్ని మాత్రం ఉన్నచోటనే ఉండనీ.

పేరు తెచ్చుకొంటే చాలునా అని ఎవరైనా అడగవచ్చు. కలివికోడి కథ దానికి జవాబు. మద్రాసు సైన్యంలో వైద్యుడుగా చేరి, నెల్లూరులో కూడా పనిచేసిన జెర్డన్ అనే ఆయనకు పక్షులంటే పిచ్చి. 1848 ప్రాంతంలో ఆయన ఈ పక్షిని లోకానికి తెలియజేసినాడు. 1900 తరువాత అది శాస్త్రజ్ఞుల కంట పడలేదు. అంతరించిపోయినదనే అందరూ తలచినారు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల అడవులలో, ఒక పల్లెవాసి సహాయంతో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘంవారికి అది మళ్లీ దొరికినది. పుస్తకాలలో పోయిన పక్షి ఆ పల్లెలలో 'కలివికోడి' అన్న పేరుతో నిలిచి ఉన్నది. ఆ పేరును గుర్తుపెట్టుకొన్నవారు, రాత్రిపూట పొదలవెంట తిరిగి దాని జాడ ఎరిగినవారు లేకపోతే శాస్త్రం ఇంకా ఎంతకాలం ఎదురుచూడవలసి వచ్చేదో! ఒక పల్లెమాటను మరచిపోవడమంటే ఒక్కొక్కప్పుడు ఒక ప్రాణిని మరచిపోవడమే అవుతుంది.

పేర్ల ప్రస్తావన వచ్చినది కనుక ఊళ్లపేర్లను కూడా వ్యాసంగాల పట్టికలో చేర్చుకొందాం. మైదానంలో 'పెంట' అంటే చెత్తకుప్ప. నల్లమలలో పెంట అంటే చెంచుల నివాసం. శ్రీశైలం ప్రక్కనున్న సుండిపెంట పేరు విని నవ్వే పట్నవాసపు పిల్లవానికి ఈ సంగతి తెలిస్తే నవ్వు ఆగి ఆలోచన మొదలవుతుంది. బేస్తవారం అంటే గురువారం. బేస్తవారిపేట పేరు వింటూనే అక్కడి సంత ఏ దినమని అడగబుద్ధి పుట్టాలి. పుల్లలచెరువు, ఎర్రగొండపాలెం, పెద్దారవీడు, అర్ధవీడు అని వరసగా వ్రాసుకొని చూస్తే, చెరువుపేరు పెట్టుకొన్న ఊళ్లు కొన్ని, కొండపేరు పెట్టుకొన్నవి కొన్ని, 'వీడు'తో ముగిసేవి కొన్ని అని అవే గుంపులు కడతాయి. వ్యాకరణం, చరిత్ర, భూగోళం మూడూ ఆ చిన్న పట్టికలో కలుసుకొంటాయి.

ఇదే పని పెద్ద ఎత్తున చేసినవాడు కాలిన్ మెకంజీ. ఆయన ఉద్యోగం భూమి కొలవడం. 1794లో ఆయన శ్రీశైలం వెళ్లి, ఆలయాన్ని పరిశీలించి వ్రాసిన వృత్తాంతం 1798లో ఏషియాటిక్ సొసైటీవారి గ్రంథంలో అచ్చయినది. కొలతలతో తృప్తిపడక ఊరూరి శాసనాలు, కరణాలు చెప్పే వృత్తాంతాలు, నాణేలు సేకరించనారంభించినాడు. ఆ సేకరణకు కన్నూ నాలుకా అయినవారు తెలుగు సోదరులు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. బొర్రయ్య 1803లో ముప్పై ఏళ్లయినా నిండకుండానే మరణించినాడు. తమ్ముళ్లు పని ఆపలేదు. ఈనాడు మన పల్లెల చరిత్రకు ఆధారమైన కైఫీయతులు ఆ శ్రమ ఫలమే. ఆ కాగితాలు శిథిలమై పోతుండగా వాటికి ప్రతులు వ్రాయించినవాడు బ్రౌను. కడపలో సొంత ఖర్చుతో పండితులను నిలుపుకొని వేమన పద్యాలు, కావ్యాలు పరిష్కరింపజేసినదీ ఆయనే. వారి జీతం వేరే పనికి వచ్చినది. మనకు మిగిలినది మాత్రం వారి తీరికవేళల పని.

పెద్దదోర్నాల పిల్లలు తమ వీధికి ఒక కైఫీయతు వ్రాయలేరా? ఈ బావి ఎవరు త్రవ్వించినారు, ఎప్పుడు ఎండినది, ఈ రాతిమీద అక్షరాలున్నవా, ఫలానా కరువు ఏ ఏట వచ్చినది అని ముసలివారిని అడిగి వ్రాసుకోవడానికి ఒక పెన్సిలు చాలు. ముసలివారు ఎల్లకాలం ఉండరు. ఈ ప్రశ్నలలో కొన్నిటికి సమాధానం చెప్పగలవారు ఊరిలో ఈనాడు ఇద్దరో ముగ్గురో ఉంటారు. ఈ వ్యాసంగానికి గల తొందర అదే.

నాణేలు, తపాలాబిళ్లల సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. అవి అందరూ ఎరిగినవే. అయినా వాటినుంచి ఎటు పోవచ్చునో ఒక్కమాట. 1957 ఏప్రిల్ 1న మనకు దశాంశ నాణేలు వచ్చినవి. అంతకుముందు రూపాయికి పదహారు అణాలు, అరవైనాలుగు కాణీలు, నూట తొంబైరెండు దమ్మిడీలు. ఈ లెక్క తెలిస్తేగాని 'పదహారణాల తెలుగు' అంటే నిండు తెలుగు అని ఎందుకు అర్థం వచ్చినదో తెలియదు. అంతకుముందు గవ్వలే చిల్లరగా చెల్లిన కాలం ఉన్నది కనుకనే 'చిల్లిగవ్వ లేదు' అన్న మాట నేటికీ మన నోట నానుతున్నది. ఇక 1972లో వేమన బొమ్మతో ఒక బిళ్ల, టంగుటూరి ప్రకాశం పంతులుగారి బొమ్మతో ఒక బిళ్ల వెలువడినవి. 1970లో ఒంగోలు జిల్లాగా ఏర్పడిన జిల్లాకు ఆయన పేరు పెట్టినది కూడా ఆ 1972లోనే. ఆ జిల్లా ఏర్పడినప్పుడే మార్కాపురం, గిద్దలూరు సీమలు కర్నూలునుంచి వచ్చి అందులో చేరినవి. ఒక బిళ్లను అట్టకు అంటించబోయిన పిల్లవాడు తన జిల్లా జాతకం చదివి లేస్తాడు.

వానలో ఇల్లు కదలలేని నాడు ఆటలున్నవి. మూడు పులులు, పదిహేను మేకలతో ఆడే పులిజూదంలో బలవంతుని కట్టడి చేయడానికి బలహీనులు ఎట్లా జట్టు కట్టాలో తెలుస్తుంది. వామనగుంటలలో చింతగింజలు పంచుతూ పోయే పిల్ల, ఏ గుంటనుంచి తీస్తే చివరి గింజ ఎక్కడ పడుతుందో మనస్సులోనే లెక్క వేస్తుంది. ఆ లెక్కకు మనం గణితమని పేరు పెట్టలేదు. అంతే తేడా.

ఇన్ని వ్యాసంగాలు ఒక్కరికేనా అని ఆక్షేపణ రావచ్చు. రెండు పడవలమీద కాళ్లు పెట్టినవాడు ఏటిలో పడతాడని సామెత. పది పడవల సంగతి చెప్పనేల! ఈ ఆక్షేపణను తేలికగా త్రోసివేయరాదు. ఈవారం రాళ్లు, పైవారం చుక్కలు, ఆపైన ఏమీ లేదన్నట్లుగా తిరిగేవారిని మనం ఎరుగుదుము. వారి లోపం వ్యాసంగాలు ఎక్కువ కావడం కాదు. ఏదీ వ్రాసిపెట్టుకోకపోవడం. తారీఖు, చోటు, చూచిన సంగతి, ఈ మూడింటినీ ఒక పుస్తకంలో వ్రాసే అలవాటుంటే నాలుగు వ్యాసంగాలు నాలుగు పడవలుగా ఉండవు. ఆ పుస్తకమే వాటిని కలిపి కట్టిన తెప్ప అవుతుంది. వానలెక్క ప్రక్కన మోదుగపూత, దాని ప్రక్కన కార్తెపేరు ఉంటే మూడింటికీ గల సంబంధం ఏదో ఒకనాడు అదే బయటపడుతుంది. హాలెండు దేశపు డెల్ఫ్టు పట్టణంలో లీవెన్‌హుక్ బట్టల వర్తకుడు. సరదాకు కటకాలు సానపట్టి నీటిచుక్కలోకి చూచినాడు. కంటికి అందని ప్రాణులు కనిపించినవి. 1676లో ఆ సంగతి లండను రాయల్ సొసైటీకి ఉత్తరంలో వ్రాసినాడు. చూచి ఊరుకొని ఉంటే ఆ సరదా ఆయనతోనే పోయేది.

ఉపాధ్యాయులకు ఒక విన్నపం. ఈ వ్యాసంగాలకు మార్కులు వేయవద్దు. మార్కులు వేసిన మరుక్షణం పిల్లవాడు చుక్కను చూడడం మాని మీ ముఖం చూడడం మొదలుపెడతాడు. పోటీలు, బహుమతులు కూడా మితంగా ఉంటే మంచిది. వారానికి ఒక అరగంట, పాఠ్యపుస్తకంలో లేని ఒక ప్రశ్న, పిల్లలు తెచ్చినదాన్ని ఓపికగా చూచే కళ్లు, ఇవి చాలు. సమాధానం మీకు తెలియకపోతే "చూచి చెప్పుకొందాం" అనండి. గురువుకు కూడా తెలియనిది లోకంలో ఉన్నదని, దాన్ని తాను కూడా వెదకవచ్చునని పిల్లవానికి తెలిసే శుభముహూర్తం అదే. విద్యార్థులకు చెప్పవలసినది ఇంకా తక్కువ. జేబులోని ఫోనుతో ప్రతిదాన్నీ బొమ్మ తీసి పెట్టుకోవచ్చు. తీసిన తరువాత ఇంకొక్క నిమిషం ఆ వస్తువునే చూడండి. బొమ్మలో పడని సంగతి ఆ నిమిషంలో దొరుకుతుంది.

వీటిలో ఏది మొదట చేయవచ్చునని అడిగితే నేను వానపుస్తకమే అంటాను. నల్లమల అంచున ఉన్న ఒక బడిలో ఎనిమిదవ తరగతి పిల్లలు దాన్ని మొదలుపెట్టి, పదవ తరగతి దాటిపోతూ క్రింది తరగతివారికి అప్పగించుతారని అనుకొందాం. మొదటి ఏడు అది పిల్లచేష్ట. మూడవ ఏట అడిగి చూచేవారు ఒకరిద్దరు బయలుదేరుతారు. పదిహేనవ ఏటికి, ఏ కార్తెలో ఎంత కురిసినది, ఏ ఏడు ఎండినది చేతివ్రాతలో చెప్పగల పుస్తకం ఆ ఊరిలో అదొక్కటే కావచ్చు. ఏ విత్తనం ఎప్పుడు చల్లాలో తేల్చుకోలేని రైతు బడి గడప ఎక్కి, "అయ్యా, ఆ వానలెక్క ఒకసారి చూపుతారా?" అని అడుగుతాడు. అప్పుడు బీరువా తెరిచి దాన్ని తీసి ఇచ్చేవాడు, మొదటి పుటలో వంకర అక్షరాలతో 'మృగశిర, 4 మి.మీ.' అని వ్రాసిన పిల్లవాని పేరు చూస్తాడు. ఆ పిల్లవాడు ఏ ఊరిలో ఏ ఉద్యోగంలో ఉన్నా, ఆ పేరు అక్కడ ఉంటుంది.